పేకాట బల్ల మీద మామ్మ జాకెట్టు

నాన్న ఎవరి దగ్గర కాంపౌండరుగా పనిచేశాడో ఆ ముసలి డాక్టరమ్మగారు చోడవరం విడిచి వెళ్తూ ఆయనకి ఒక బల్ల ఇచ్చారు. అక్రోటు కర్రది. కాళ్ల నిండా ద్రాక్షగుత్తులు, ఆకులు చెక్కి ఉన్నాయి. ఎప్పుడో దొరలు తమ తాతల నాటి పనితనం మీద మోజుపడి మళ్లీ చేయించుకున్న రకమట. మాకదేం తెలుసు? బైబిల్లో చెప్పే ద్రాక్షలే దీని మీదా ఉన్నాయి కాబట్టి బైబిలు పెట్టుకోడానికే చేశారనుకున్నాం.

ఒక శుక్రవారం మా ఇంట్లో ప్రార్థన కూటం. పాస్టరుగారు బైబిలు చేతిలోకి తీసుకుని, లేవబోతూ బల్ల అంచు పట్టుకున్నారు. పైచెక్క గిర్రున పక్కకి తిరిగింది. సరిచెయ్యబోతే పుస్తకంలా తెరుచుకుంది. లోపలంతా పచ్చటి ఉన్నిగుడ్డ, నాలుగు మూలలా నాలుగు గుంతలు.

"ఇది పేకాట బల్ల కదండీ! ఈ గుంతల్లో పందెం బిళ్లలెట్టుకుంతారు," అనేశారు సంఘపెద్ద. ఆయనకెలా తెలుసని మాత్రం ఎవరూ అడగలేదు.

మామ్మ, అంటే నాన్న తల్లి, భగ్గుమంది. నాన్న పుట్టిన రోజున కూడా తాతయ్య పేకాట వదిలి ఇంటికి రాలేదు. ఆ సంగతి ఆమె ఎన్నడూ మరిచిపోలేదు. "రేపు పొద్దున్నే గొడ్డలెట్టి సీల్చి పొయ్యిలో ఎట్టండి," అంది. నాన్న తలూపాడు. వాళ్లమ్మకి ఎదురు చెప్పడం ఆయనకి చేతకాదు.

అందరూ ఆ బల్లలో పాపాన్ని చూస్తుంటే అమ్మ దాని వెడల్పు చూసింది. జాకెట్లు కుట్టే అమ్మ అంతవరకూ నేల మీద వంగి గుడ్డ కత్తిరించేది. చెల్లి పుట్టినప్పటి నుంచి ఆమెకి నడుం పట్టేసేది. లేవాలంటే నా భుజం కావాలి.

తెల్లారేసరికి అమ్మ ఆ పచ్చగుడ్డ మీద మామ్మ తెల్ల జాకెట్టు గుడ్డే పరిచి, నిలబడి కత్తిరిస్తోంది. మామ్మ గొడ్డలి పట్టుకుని వచ్చింది.

"నీ జాకిట్టే అత్తా. కత్తిరించీసేక బల్ల అలాగే కొట్టిద్దువు."

మామ్మ అమ్మ నడుం వైపు చూసింది. "నడుం నొప్పెట్టడం లేదేటే?"

"వంగక్కర్లేదు కదత్తా."

మామ్మ గొడ్డలి గుమ్మం పక్కన పెట్టింది. తనే వెళ్లి అమ్మ కుట్టుడబ్బా తెచ్చి, ఒక గుంతలో హుక్కులు, ఇంకోదాంట్లో బొత్తాలు, మిగతా రెంటిలో సుద్దముక్కలు, దారపుండలు నింపేసింది. "ఇప్పుడాడమను. ఎవుడాడతాడో సూస్తాను!"

మామ్మ పోయి చాలాకాలమైంది. అమ్మకి డెబ్బై దాటాయి. ఇప్పటికీ ఆ బల్ల దగ్గర నిటారుగా నిలబడే కత్తిరిస్తుంది. తాతయ్య మీద అన్నేళ్లు మోసిన కోపాన్ని కోడలి నడుం కోసం ఒక్క పూటలో దిగమింగింది మామ్మ. నిలబడ్డ అమ్మని చూసినప్పుడల్లా మామ్మకి మనసులో థాంక్స్ చెప్పుకుంటాను. బతికుండగా ఒక్కసారీ చెప్పలేదు.