మోకాలి వెనక మట్టి చెయ్యి

దయ్యాలు, గాలి సోకడాలు, చేతబడులు, వీటిలో దేన్నీ నేను నమ్మను. ఇది జరిగిన తర్వాత కూడా నమ్మను. ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ సంగతి విన్నవాళ్లు చివర్లో "అయితే నువ్వూ నమ్ముతావన్నమాట" అని ఒక నవ్వు నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

మా ఇల్లు హైదరాబాద్‌లో, మూసీ మీది పాత వంతెన పురానాపూల్ దగ్గర ఒక గల్లీలో. చిన్నప్పుడు మా గల్లీ పిల్లలు పొద్దుగూకితే వంతెన వైపు పోయేవాళ్లు కాదు, మూసీ ఒడ్డున తెల్లచీర కట్టుకుని ఎవరో కూర్చుంటుందని. నేను పోయి చూశాను. ఎవరో ఆరేసి మరిచిపోయిన ధోతీ అది, పొదకు పట్టుకుని ఊగుతోంది. దాన్ని తెచ్చి అందరి ముందూ దులిపి చూపించాను. ఆ ధోతీ తాలూకు పెద్దమనిషి వచ్చి నన్నే దొంగను చేశాడు, అది వేరే సంగతి.

మా బాపు సిటీ బస్సు డిపోలో మెకానిక్. అమ్మ టిఫిన్ సెంటర్లో పనికి పోయేది. అందుకని బడి వదిలాక నేను ధూల్‌పేటలో వినాయకులు చేసే షెడ్డులో, మా మేనత్త యాదమ్మ దగ్గర ఉండేదాన్ని. అత్తమ్మది మట్టి మెత్తే పని. వెదురుతో చట్రం కట్టి, గడ్డి చుట్టి, దాని మీద జనపనార పోగులు కలిపిన బంకమట్టి మెత్తుతారు. ఆమె నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. కుడిచేతి చిటికెన వేలు మాత్రం ఎప్పుడో వెదురు చీలుస్తుంటే దెబ్బ తగిలి లోపలికి వంగిపోయింది. మళ్లీ తిన్నగా కాలేదు.

ఒంటికాలి మీద నాట్యం చేసే వినాయకుడంటే ఆమెకు పిచ్చి. అది చేసేటప్పుడు నన్ను ఎదురుగా అదే భంగిమలో నిలబెట్టుకునేది. నాకు డాన్స్ పిచ్చి పట్టింది అక్కడే. నిలబడ్డ కాలి మోకాలు కట్టెలా బిగిసి ఉండకూడదు, కొంచెం వంపు ఉండాలి. లేకపోతే బరువంతా అక్కడే పడి, మట్టి ఆరేటప్పుడు సరిగ్గా మోకాలి దగ్గరే పగులుతుంది. బొమ్మ సంగతేమో కానీ, నా ఎడమ మోకాలు మాత్రం ఎప్పుడూ బిగుసుకునేది. అత్తమ్మ మాటలతో చెప్పే మనిషి కాదు. వెనక నుంచి వచ్చి తడి మట్టి చేత్తో మోకాలి వెనక ఒక్కటిచ్చేది. "మోకాలు ఇడువు పిల్లా!" అనేది.

నేను ఇంటికి పోయేసరికి మోకాలి వెనక మట్టి చెయ్యి అచ్చు ఉండేది. అమ్మ చూసి, "ఇయ్యాల గూడ పడ్డదా?" అని నవ్వేది.

తర్వాత కూచిపూడి నేర్చుకున్నాను. బోనాల్లో మా గల్లీ ముందు తీన్‌మార్ కూడా వేశాను, అది ఎవరూ నేర్పకుండానే వచ్చింది. స్కాలర్‌షిప్ వచ్చి లండన్‌లో ఒక డాన్స్ కోర్సు చేశాను. కోర్సు అయిపోయాక అసలు కథ మొదలైంది. అక్కడ డాన్స్ బృందాలు ఎన్నో ఉన్నాయి, వాటికి వచ్చే డాన్సర్లు వాటికంటే ఎక్కువ. ఆడిషన్‌కు పోవడం, వెనక్కు రావడం, మళ్లీ పోవడం. ఈ మధ్యలో బతకడానికి ఏ పని దొరికితే ఆ పని. హోటల్లో పక్కలు సర్దాను. పెళ్లిళ్లలో ప్లేట్లు మోశాను. ఒక వేపుడు చికెన్ దుకాణం ముందు కోడి వేషం వేసుకుని ఎగురుతూ కాగితాలు పంచాను.

కోడి వేషం సంగతి ఫోన్‌లో బాపుకు చెప్తే ఆయన ఒక్క క్షణం కూడా బాధపడలేదు. "మస్తుగున్నది బిడ్డా, ఫొటో పంపు!" అన్నాడు. పంపాను. మర్నాటికి డిపో అంతా తిరిగింది. ఒక కండక్టర్ అన్న నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు, "చెల్లే, కోడి గూడ తీన్‌మార్ వేస్తదని ఇయ్యాలనే చూసిన" అని.

నవ్వుతున్నాను కానీ, లోపల భయం ఉండేది. వీసా ముగియబోతోంది. ఒక మంచి బృందం ఆడిషన్ పెట్టింది, తీసుకునేది ఒక్కరినే. అది వస్తే ఉంటాను, డాన్స్ చేసుకుంటూ బతుకుతాను. రాకపోతే సామాను సర్దుకోవాలి. ఇంటికి రావడం నాకు అవమానమేమీ కాదు, ఇంటి మీద నాకు ప్రాణం. కానీ వచ్చాక డాన్స్ మెల్లగా ఆదివారం పని అయిపోతుంది, నాకు తెలుసు. అది తలుచుకుంటే ఏడుపొచ్చేది.

ఆడిషన్ రోజు పొద్దున హోటల్లో పని చేసి, అక్కడే స్నానం చేసి, నేరుగా హాలుకు పోయాను. ఉతికిన నల్ల లెగ్గింగ్స్ సంచిలోంచి తీసి అక్కడి గదిలో మార్చుకున్నాను. ఇది గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. హాలు నేల చెక్క. తళతళా మెరుస్తోంది. మట్టి అన్న మాట కూడా ఎరగని నేల.

మధ్యాహ్నానికి కొద్దిమందిమే మిగిలాం. చివరి పరీక్ష చూడ్డానికి చిన్నది. ఒంటికాలి మీద నిలబడాలి. వాళ్లు చెప్పేదాకా చేతులూ నడుమూ నెమ్మదిగా కదులుతూ ఉండాలి, కాలు మాత్రం కిందపెట్టకూడదు. బృందం నడిపే ఆవిడ మా ముందు నుంచి తీరిగ్గా నడుస్తూ పోతోంది.

నా ఎడమ మోకాలు బిగిసింది. ఇన్నేళ్లు నేర్చుకున్నదంతా ఎటు పోయిందో, చిన్నప్పటి బుద్ధే మళ్లీ వచ్చింది. తొడ వణకడం మొదలైంది. మోకాలు వదలాలని నాకు తెలుసు, కానీ వదిలితే పడిపోతానని భయం. అయిపోయింది అనుకున్నాను. సూట్‌కేసులో ఏది పైన పెట్టాలి, ఏది కింద పెట్టాలి అని కూడా ఆలోచించాను, నిజం.

అప్పుడు మోకాలి వెనక ఛట్‌మని ఒక దెబ్బ పడింది. చల్లగా, తడిగా. దానితో పాటు పచ్చి మట్టి వాసన.

మోకాలు దానంతట అదే కొంచెం వంగింది. వణుకు ఆగిపోయింది. వాళ్లు చాలు అనేదాకా నేను కాలు దించలేదు. మనసులో మాత్రం, వెనక నిలబడ్డ పిల్ల ఎవరో కొట్టిందనీ, బయటికి పోయాక దాని సంగతి చూడాలనీ అనుకుంటున్నాను.

తిరిగి చూస్తే నా వెనక ఎవరూ లేరు. వెనక ఉన్నది గోడ, అదీ దూరంగా.

బట్టలు మార్చుకునే గదిలో, నాతో పాటు ఆడిషన్‌కు వచ్చిన ఒక పోర్చుగల్ అమ్మాయి నన్ను ఆపింది. నా కాలికి ఏదో అంటుకుందని చెప్పి, నా ఫోన్‌తోనే ఫొటో తీసి చూపించింది. నల్ల లెగ్గింగ్స్ మీద, ఎడమ మోకాలి వెనక, మట్టి చెయ్యి. అరచేయి, బొటనవేలు, మూడు వేళ్లు. చిటికెన వేలు ఉండాల్సిన చోట ఏమీ లేదు. మట్టి ఇంకా పూర్తిగా ఆరలేదు. అందులో ఒక జనపనార పోగు అతుక్కుని ఉంది.

అత్తమ్మకు ఏదో అయిందనుకున్నాను. ఇలాంటి కథలన్నిటిలో అంతే కదా, దూరాన ఎవరో పోతారు, ఇక్కడ కనిపిస్తారు. వెంటనే బాపుకు ఫోన్ చేశాను.

"అత్తమ్మ ఎట్లున్నది?"

"ఎట్లుంటది? నా ముంగటనే కూసోని మిర్చీలు తింటున్నది. నా వంతు గూడ తిన్నది. ఏమైంది బిడ్డా, గొంతు గట్లున్నదేంది?"

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. తర్వాత నవ్వాను. పోర్చుగల్ అమ్మాయి భయపడి నాకు నీళ్లు తెచ్చిచ్చింది.

బాపు డ్యూటీ దిగి, మిర్చీలు కట్టించుకుని షెడ్డుకు పోయాడట. ఏమేం జరిగిందో అడిగితే ఆయన చెప్పింది ఇది. అత్తమ్మ ఆ రోజు పొద్దుటి నుంచీ ఒక నాట్య గణపతితో కుస్తీ పడుతోంది. మోకాలు మెత్తుతుంటే మళ్లీ మళ్లీ పగులుతోంది. సాయంత్రం మసీదులో మగ్రిబ్ అజాన్ మొదలైంది. రంగులు వేసే సలీం భాయ్ నమాజుకు పోదామని లేచి చేతులు కడుక్కుంటున్నాడు. అప్పుడు అత్తమ్మ విసిగిపోయి, మట్టి చేత్తో ఆ గణపతి మోకాలి వెనక ఛట్‌మని ఒక్కటేసి, "మోకాలు ఇడువు పిల్లా!" అని అరిచింది.

షెడ్డంతా పడిపడి నవ్వారట. సలీం భాయ్ అయితే, "క్యా యాదమ్మక్కా, గణపతిని పట్టుకోని పిల్లా అంటున్నవేంది?" అని అడిగాడట. అత్తమ్మ, "ఏమో భాయ్, నోటికి గట్లనే వొచ్చింది" అని మూతి తుడుచుకుందట.

అప్పుడు అత్తమ్మ ఫోన్ లాక్కుంది. "అది గాదు బిడ్డా, ఇంకోటున్నది ఇను. కొట్టినంక చూస్తె నా చేతికి మట్టి లేదు. తుడ్సినట్టున్నది. గణపతికన్న అంటుకున్నదా అంటె గాడ గూడ లేదు. గంత మట్టి ఎటు వొయినట్టు?"

ఎటు పోయిందో నేను చెప్పాను. "ఆడ గూడ మోకాలు బిర్రుగ వెట్టినవా నువ్వు?" అని మొదలుపెట్టి నన్ను తిట్టింది చూడండి, ఫోన్ లేకపోయినా ధూల్‌పేట నుంచి లండన్ దాకా వినబడి ఉండేది.

నాకు ఉద్యోగం వచ్చింది. ఆ కబురు తెలిసిన రోజు బాపు డిపోలో లడ్డూలు పంచాడు. అక్కడి గోడకు అంటించిన నా కోడి ఫొటో మాత్రం అలాగే ఉంది, తియ్యనివ్వలేదట.

చేరిన తర్వాత ఆ ఆడిషన్ వీడియో నాకు ఇచ్చారు. ఎన్నిసార్లు చూశానో. మోకాలు వంగే క్షణంలో నా వెనక ఎవరూ లేరు. దానికి ముందు నేను ఒకసారి తిరుగుతాను, లెగ్గింగ్స్ శుభ్రంగా ఉన్నాయి. తర్వాత ఇంకోసారి తిరుగుతాను, మచ్చ ఉంది. వీడియో మూల టైము పడింది. ఆ రోజు మా పక్క మగ్రిబ్ ఎన్నింటికో సలీం భాయ్‌ని అడిగి సరిచూశాను. లండన్‌కూ మనకూ ఉన్న గంటల తేడా తీసేస్తే రెండూ ఒకటే సమయం.

అందరూ తలా ఒక మాట చెప్పారు. ముఖానికి పూసుకునే మట్టి అన్నారు, నేను పూసుకోను. హోటల్లో పూలకుండీ తగిలిందన్నారు, హోటల్లో వేసుకున్న బట్టలు వేరు. నువ్వే అంటించుకుని మరిచిపోయావన్నారు. ఇలా అన్నవాళ్లకు చెప్పడం మానేశాను. ఆ మట్టిని ఎవరైనా చదువుకున్నవాళ్లకు ఇచ్చి పరీక్ష చేయించాలని లెగ్గింగ్స్ కవర్లో చుట్టి, వినాయక చవితి ముందు సెలవు దొరికితే హైదరాబాద్ తీసుకొచ్చాను.

నన్ను చూడ్డానికి వచ్చిన అత్తమ్మ ఆ రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయింది. మర్నాడు నేను లేచేసరికి అవి దండెం మీద ఆరుతున్నాయి. తెల్లగా మెరిసేంత శుభ్రంగా అనేదాన్ని, నల్లవి కాకపోయుంటే.

"అత్తమ్మా! ఏం చేసినవ్?"

"ఉతికిన. ఛీ, గంత ఖరాబు బట్ట సూట్‌కేసుల వెట్టుకోని తిరుగుతున్నవ్. నలుగురు చూస్తె ఏమనుకుంటరు?"

నేను తల పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. బాపు నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకున్నాడు. ఇప్పుడు నా దగ్గర మిగిలింది ఫొటో, వీడియో, అంతే. షెడ్డుకు పోయి ఫొటో పక్కన అత్తమ్మ చెయ్యి పెట్టించి చూశాను. గీతతో సహా సరిపోయింది. "నాదే. ఇంకెవలిదనుకున్నవ్?" అంది, పెద్ద విశేషమేమీ లేనట్టు, మళ్లీ మట్టి పిసుక్కుంటూ.

తిరిగి బయలుదేరే రోజు మళ్లీ షెడ్డుకు పోయాను. ఆ నాట్య గణపతి అక్కడే ఉన్నాడు, రంగులన్నీ వేసుకుని, మోకాలు ఎక్కడా పగలకుండా. అత్తమ్మను అడిగాను, మళ్లీ అలాంటి అవసరం పడితే ఎలా అని.

"మోకాలు సక్కగ వెట్టుకో. ఊకె నేను లండన్ రావాల్నంటె ఈడ గణపతులను ఎవలు చేస్తరు?" అని, వంగి నా బుగ్గ గిల్లింది. బుగ్గకు మట్టి అంటింది. ఎయిర్‌పోర్టు దాకా తుడుచుకోలేదు.

అది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినట్టు నటించను కూడా. దయ్యం అందామంటే అత్తమ్మ బతికే ఉంది, మిర్చీలు తింటోంది. దేవుడు అందామంటే, దేవుణ్ణి కొట్టబోయిన దెబ్బ నాకు తగిలింది.

ఇప్పుడు ప్రతి ప్రదర్శనకు ముందు, తెర పక్కన నిలబడి, ఎవరూ చూడకుండా ఎడమ మోకాలి వెనక తడుముకుంటాను. పొడిగా ఉంటుంది. ఇవేవీ నమ్మని దాన్ని కాబట్టి నేను సంతోషించాలి. కానీ ప్రతిసారీ ఇంటి మీద బెంగ పుడుతుంది.