పాస్‌బుక్కు అట్ట అడిగిన ప్రశ్న

సోలార్ ప్లేట్లు పెట్టడానికి పొలం లీజుకిమ్మంటూ ఈ రోజు వత్సవాయిలో మా బాబాయి ఇంటికి ఒక కంపెనీ ఆయన వచ్చారు. పాతికేళ్ల అగ్రిమెంటట. బాబాయి లోపలికి వెళ్లి, అదే పొలానికున్న పాత పాస్‌బుక్కూ కొత్త పాస్‌బుక్కూ తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

“గవర్నమెంటు మారిందని మా పొలం పుస్తకానికి అట్ట మార్చేశారండి. పాతికేళ్లంటే ఐదు ఎలక్షన్లు. మీ కరెంటు కొంటామని గవర్నమెంటు ఇచ్చిన మాట అప్పటిదాకా మారదంటారా?”

“అగ్రిమెంటు ఉంది కదండీ,” అన్నారాయన.

“పొలమూ అక్కడే ఉందండి. అట్ట మాత్రం ఆగలేదు.”

ఆయన నవ్వలేదు. డైరీ తీసి ఆ ప్రశ్న రాసుకున్నారు. జవాబు రాసుకుందామని పెన్ను పట్టుకుని కూర్చున్నది నేను! మీ ఊళ్లో ఎవరికైనా జవాబు దొరికితే చెప్పండి. బాబాయి ఇంకా సంతకం పెట్టలేదు.