కండక్టరు డిగ్రీలో చేరిన ఆదివారం

బోధన్ నుంచి నిజామాబాద్ పోయే బస్సులో నేను కండక్టర్‌ని. ఇంటర్ అయిన వెంటనే పెళ్లయింది, తర్వాత ఈ ఉద్యోగం వచ్చింది, చదువు అక్కడే ఆగింది. రెండేళ్ల కింద ఒకరోజు ఎడపల్లి దాటాక మా డ్రైవరన్న అద్దంలోంచి చూస్తూ కేకేశాడు.

"చెల్లే, టౌన్ల ఒక కాలేజి ఉన్నదట. సర్కారు నౌకరి చేసేటోళ్లకు డిగ్రీ ఫీజు మాఫ్. క్లాసులు గూడ ఆదివారాలే. నువ్వు పోరాదు?"

సాయంత్రం ఇంటికెళ్లి ఆ మాట నవ్వుతూనే మా అత్తకు చెప్పాను. అరుగు మీద బీడీలు చుడుతున్న ఆమె చేతులు ఆపింది.

"ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది, ఇప్పుడు సదువు గూడ ఫ్రీనా? మరి పోనీకి నీకేమైంది?"

"గీ వయసుల డిగ్రీ ఏందత్తా? నవ్వుతరు."

"నవ్వనియ్యి. వాళ్ల పండ్లే కనవడ్తయ్."

ఆ ఆదివారం ఆమే నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలారని మా ఆయన చెరుకు తోటకు పోయాడు కానీ, లేకపోతే ఆయన కూడా వచ్చేవాడే.

కాలేజీలో గుమస్తా నా గుర్తింపు కార్డు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇది ఆఫీసుల్ల పనిచేసేటోళ్లకమ్మా. బస్సు డ్యూటీ వాళ్లకు రాదు."

నా ముఖం చిన్నబోయింది. "పా అత్తా" అని వెనక్కి తిరిగాను. ఆమె కదల్లేదు.

"సారూ, పొద్దుగాల నువ్వు ఎట్లొచ్చినవ్?"

"బస్సుల వచ్చిన."

"ఎవ్వల బస్సు?"

"సర్కారుదే."

"మరి సర్కారు బస్సుల టికెట్ కొట్టే నా కోడలు ఎవ్వల మనిషి?"

వెనక నిలబడ్డవాళ్లు గొల్లుమన్నారు. గుమస్తాకూ నవ్వు ఆగలేదు. ఆ సందడికి ప్రిన్సిపాల్ మేడం బయటికి వచ్చి సంగతి తెలుసుకుంది. "ప్రభుత్వ సంస్థల్లో పనిచేసే అందరికీ ఇది ఉంది. చేర్చుకోండి" అన్నది.

"అత్తగారిని గూడ చేర్చుకోవాల్నా మేడం?" అన్నాడు గుమస్తా.

"నాకు తీరిక లేదు సారూ, బీడీల పని ఉన్నది" అన్నది అత్త, చాలా గంభీరంగా.

మొదటి క్లాసుకు భయపడుతూనే పోయాను. లైన్‌మెన్లు, మున్సిపాలిటీ ఉద్యోగులు, ఒక పోలీసాయన, అందరూ బిడియపడుతూ గుమ్మం దగ్గరే గుంపు కట్టారు. లోపల బెంచీలన్నీ ఖాళీ. నా నోరు ఊరుకోలేదు. "లోపలికి జరుగుండ్రి, ఎనకకు జరుగుండ్రి, జాగ ఉన్నది!" అని అరిచేశాను. అందరూ గబగబా జరిగారు, అప్పుడే వచ్చిన లెక్చరర్‌తో సహా. క్లాసంతా ఒకటే నవ్వు. నా భయం ఆ నవ్వులోనే కొట్టుకుపోయింది.

బస్సు బయల్దేరేలోపు బస్టాండులో కూర్చుని చదివేదాన్ని. ట్రిప్పు ఖాళీగా ఉంటే డ్రైవరన్న ప్రశ్నలు అడిగేవాడు. జవాబు తప్పో ఒప్పో ఆయనకు తెలియదు, నేను తడబడకుండా చెబితే ఒప్పు కిందే లెక్క.

మొదటేడు ఫలితాలు డ్యూటీలో ఉండగా ఫోన్లో వచ్చాయి. ఇంగ్లీషు అతికష్టం మీద గట్టెక్కింది, చరిత్రలో మాత్రం మంచి మార్కులు. చెప్పగానే డ్రైవరన్న హారన్ ఆపకుండా కొట్టాడు. మహారాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి వచ్చిన ఒక ముసలవ్వ ఏమైందో అని బెదిరి, మరాఠీలో అడిగింది.

"మా చెల్లె పాసయింది అవ్వా!" అన్నాడు ఆయన.

ఆమెకు ఎంత అర్థమయిందో కానీ, సంచిలోంచి రెండు జామకాయలు తీసి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. వచ్చే ఆదివారం ఎకనామిక్స్ పరీక్ష. డ్యూటీ మార్చుకున్నాను. ఆ పూట వంట తనదేనని అత్త చెప్పేసింది.