అట్లకాడకు పిడి

ఈ అరబ్బు దేశంలో, హవల్లీ పేటలో, వైకల్యం ఉన్నవారికి ఉపకరణాలు తయారుచేసే చిన్న కార్ఖానాలో నేను ఇంజినీరుగా పనిచేస్తున్నాను. పట్టు తగ్గిన చేతులకు అనువైన పనిముట్లను గీయడం నా వంతు. మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి కావడం వల్లనేమో, కొలతలు సరిగా ఉంటే పనిముట్టు విఫలం కాదని చాలాకాలం నమ్మాను.

అబ్బాసియాలో నేను శుక్రవారాలు టిఫిన్ చేసే హోటల్లో వంటాయన కోనసీమ నుంచి వచ్చినవారు. కీళ్లవాతంతో ఆయన కుడిచేతి వేళ్లు పూర్తిగా ముడుచుకోవడం మానేశాయి. అట్లకాడ జారి పెసరట్లు నేలపాలవుతున్నాయి. ఆ నెలాఖరుకు ఆయన ఇఖామా, అంటే ఇక్కడ ఉండి పనిచేసే అనుమతి, గడువు ముగుస్తుంది. అట్లు వేయలేకపోతే దాన్ని మళ్లీ కొట్టించనని కడప నుంచి వచ్చిన హోటలు యజమాని చెప్పేశాడు. సంగతి విని, పిడి చేసిస్తానని నేనే ముందుకు వచ్చాను.

ఆయనను కార్ఖానాకు పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, అరచేతి వెడల్పు, వేళ్ల వంపు, మణికట్టు తిరిగే కోణం రాసుకున్నాను. లావైన రబ్బరు పిడి చేసి, చేతికి బిగించే పట్టీ అమర్చాను. ఎంత ఊపినా జారలేదు.

రెండు రోజుల తరువాత వెళ్లేసరికి అది గోడ మేకుకు వేలాడుతోంది.

"ఏమైంది బాబాయిగారూ, జారుతోందా?"

"జారకపోవడమేనండి గొడవ! చేతికి కట్టేశారు. మరి పిండెవరు పొయ్యాలి? ఉల్లిపాయలెవరు జల్లాలి? బుర్ర గోక్కుందామన్నా భయమేత్తందండి, ఆయ్!"

పెనం పక్కన గంటసేపు నిలబడి చూశాను. గరిటెను రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని పిండి పరుస్తారు. నీళ్లు చిలకరిస్తారు, ఉల్లిపాయలు చల్లుతారు, నూనె వేస్తారు. అట్లకాడ పట్టేది చివర్లో రెండు క్షణాలే. నేను కొలిచింది ఆ రెండు క్షణాలను మాత్రమే.

పట్టీ తీసేసి, చేతి వెనుకభాగాన్ని ఆనుకునే వంపు రేకు పెట్టాను. ఒకవైపు తెరిచే ఉంటుంది.

"పెనం పక్కన దీన్ని నిలబెట్టే చోటుంటే చెయ్యలా దూర్చేత్తానండి," అన్నారాయన. దానికొక స్టాండు కూడా చేశాను.

శుక్రవారం ఉదయం హోటలు నిండిపోయింది. యజమాని వచ్చి పెనం దగ్గరే నిలబడ్డాడు. మొదటి అట్టు మధ్యకు చిరిగింది.

"చినిగింది నాకెయ్యి. నువ్వింకోటి పొయ్యి పెద్దాయనా, యల్లా, కానీ!"

రెండవది నిండుగా లేచింది. మూడవదీ లేచింది. యజమాని చిరిగిన అట్టు తినడం ముగించి చేయి కడుక్కున్నాడు.

"ఆదివారం పాస్‌పోర్టు తీసుకురా. ఇఖామా కొట్టిద్దాం."

వంటాయన తలూపి, పెనం మీద నుంచి చూపు తిప్పకుండానే నాతో అన్నారు: "ఎడం చేతిక్కూడా ఒకటి ఆలోచించండి ఇంజినీరుగారూ. అదీ మొదలెట్టిందండి."

అలాగేనన్నాను. నూనె గిన్నె అంచున ఆయన ఎడమచేతి బొటనవేలు ఒకసారి తడబడి, మళ్లీ ఆనింది.