అదే గోల్ పోస్టు దగ్గర

సగం ఆట అయ్యాక విశ్రాంతి ముగిసి విజిల్ మోగింది. రెండు జట్లూ వైపులు మారాయి. మావారు మాత్రం తిన్నగా నడుచుకుంటూ, మొదటి సగమంతా తాను కాసిన గోల్ పోస్టు దగ్గరికే వెళ్లి నిలబడ్డారు. అక్కడికి అప్పటికే చీరాల గోల్ కీపరు వచ్చేశాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గ్రౌండంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పక్కన కూర్చున్న మా తమ్ముడు అరిచాడు. "ఏం బావా, మా ఊరి తరఫున ఆడతావా? అల్లుడివేగా, చేర్చుకుంటాం రా."

ఆయనా నవ్వి అవతలి పోస్టుకు పరుగెత్తారు. తిన్నగా కాదు, కాస్త ఒక పక్కకు ఒరిగి.

ఆయన గుంటూరు దగ్గర ఒక జిన్నింగ్ మిల్లులో పనిచేసేవారు. మిల్లు వాళ్లే జట్టుగా ఏర్పడి, మా రెండు జిల్లాల ఫుట్‌బాల్ లీగులో ఆదివారాలు ఆడేవారు. పత్తి వచ్చే రోజులూ, ఆటలు జరిగే రోజులూ ఒకటే. వారమంతా దూది నుసి పీల్చి, ఆదివారం పొద్దున్నే రైలెక్కేవారు. ఆ ఏడు చివరి ఆట చీరాలలో పడింది. అది మా పుట్టిల్లు కాబట్టి పిల్లలిద్దరినీ తీసుకుని నేనూ వచ్చాను. వాళ్లను అమ్మ దగ్గర వదిలి గ్రౌండుకు వెళ్లాను. డ్రా చేసుకున్నా చాలు, మిల్లు జట్టు మొదటిసారి పై లీగుకు వెళ్తుంది.

మొదటి సగం చివర్లో, గాల్లోకి లేచిన బంతిని గుద్దబోయి ఆయన పోస్టుకు తల కొట్టుకున్నారు. చెవి పైన తగిలింది. రక్తం రాలేదు. నీళ్లు చల్లితే లేచి, నా వైపు చెయ్యి ఊపారు. నేనూ ఊపాను.

"ఆ పరుగులో ఏదో తేడా ఉందిరా. బావను బయటికి పిలువు," అన్నాను తమ్ముడితో.

"ఊరుకో అక్కా. ఎండకి తల తిరిగుంటుంది."

నేనే లేచి సున్నపు గీత దాకా వెళ్లాను. జట్టు బాధ్యత చూసే పెద్దాయన తల తిప్పకుండానే అన్నాడు. "ఇంకో కీపరు మిల్లులో డ్యూటీలో ఉన్నాడమ్మా. సెలవివ్వలేదు. ఇంకో అరగంట ఓర్చుకో తల్లీ, మీ ఆయన పేరు నిలబడుద్ది."

నేను బీఎస్సీ చదివాను. తలకు దెబ్బ తగిలాక మనిషి తికమకపడితే ఏమిటో నాకు తెలుసు. అయినా అంతమంది మగాళ్ల మధ్య ఆట ఆపమని అరవలేక, వెనక్కి వచ్చి కూర్చున్నాను. ఆ అరగంటలో ఆయన రెండు గోల్స్ ఆపారు కూడా. అది చూసి నా భయానికి నాకే సిగ్గనిపించింది.

ఆట డ్రా అయింది. అందరూ కలిసి ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఆయన అక్కడే వాంతి చేసుకున్నారు.

చీరాల ఆసుపత్రిలో చూసి, వెంటనే గుంటూరు తీసుకెళ్లమన్నారు. కారులో ఆయన తల నా ఒళ్లో ఉంది. "గోల్ అయిందా?" అని అడిగారు.

"కాలేదండీ."

కాసేపటికి మళ్లీ అదే అడిగారు. బాపట్ల దాటాక ఇంకోసారి. ప్రతిసారీ అప్పుడే వింటున్నట్టు "అమ్మయ్య" అనుకున్నారు. పొన్నూరు వచ్చింది. అడగలేదు. అడిగితే బావుండునని ఎదురుచూశాను.

తెల్లవారేలోపే పోయారు.

చీరాలకు తిరిగొచ్చేసరికి పిల్లలు ఇంకా లేవలేదు. అమ్మ నన్ను గుమ్మంలోనే పట్టుకుని ఏడ్చింది. తరువాత చెవి దగ్గర అంది. "పసివాళ్లు, ఇప్పుడే ఏం చెప్పకు. ఆటకి వేరే ఊరెళ్లాడని చెబుదాం. నాలుగు రోజులు పోనీ."

ప్రతి ఆదివారం నేను చెప్పే మాటే అది. ఆ మాట చెబితే వాళ్లు వీధి గుమ్మంలో కూర్చుంటారు. నాలుగు రోజులు కాదు, ఎన్నాళ్లైనా కూర్చుంటారు.

ఇద్దరినీ లేపి, మొహాలు కడిగి, చాప మీద నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. సున్నపు గీత దగ్గర నుంచి వెనక్కి వచ్చేసిన సంగతి వాళ్లకు చెప్పలేదు. ఇన్నేళ్లయినా చెప్పలేదు.

"నాన్న ఆటకి వేరే ఊరు వెళ్లలేదమ్మా," అన్నాను. "నిన్న తలకి పెద్ద దెబ్బ తగిలింది. డాక్టర్లు చూశారు, తగ్గలేదు. నాన్న చనిపోయారు. మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఇక్కడికి తీసుకొస్తారు. అప్పుడు కళ్లు తెరవరు, మనం పిలిచినా పలకరు. మీ మీద కోపం వచ్చి కాదు. తర్వాత ఇంక రారు. ఏ రైలుకీ రారు. మీరు ఎదురుచూడొద్దు."