సదాశివ అంకుల్ బొటనవేలు

సదాశివ అంకుల్ దేన్నీ కళ్లతో నమ్మడు, బొటనవేలితో నమ్ముతాడు. చేతికి ఏ వస్తువు వచ్చినా దాని మీద బొటనవేలు గట్టిగా ఆనించి, కళ్లు మూసుకుని, మెల్లగా పైకి లేపుతూ చెవి ఒగ్గి వింటాడు. 'టప్' మని చప్పుడొచ్చిందా, ఇక చూడాలి ఆ మొహం! డాక్టరు జ్వరం చెప్పినట్టు గంభీరంగా ప్రకటిస్తాడు:

"జిగురొచ్చింది!"

అబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్సు మొదటి అంతస్తులో ఆయనకు పెళ్లి బ్యాండులవాళ్లు వాయించే కీబోర్డులు బాగుచేసే దుకాణం ఉంది. పక్క షట్టర్ మాది. చీరలకు ఫాల్, పీకో కుడతాం. అంటే మా పెద్దమ్మ జానకమ్మ మాట్లాడుతుంది, నేను కుడతాను. తొమ్మిదో తరగతిలో నా చదువు ఆగిపోయింది గానీ, మా రెండు దుకాణాల మధ్య చెక్క గోడకు చిన్న కిటికీ ఉండటం వల్ల చూడటం ఆగలేదు. తుడవడానికి నూలు ముక్కలు కావాలని అంకుల్ ఆ కిటికీలోంచే చెయ్యి చాపుతాడు. ఇస్తాను. ఇచ్చిన ముక్క మీద కూడా బొటనవేలు పెట్టి చూశాకే తీసుకుంటాడు.

ఆయనకు ఈ అలవాటు ఊరికే రాలేదు. కొన్ని కీబోర్డుల ఒంటికి, బటన్లకు పైన మెత్తటి రబ్బరు పూత పూసి ఉంటుంది. కొత్తలో ముట్టుకుంటే మల్లెపువ్వులా ఉంటుంది. పదేళ్లు గడిచి, మన ఉక్కపోతలూ వానలూ తిన్నాక ఆ పూతే కరిగి బెల్లం పాకమవుతుంది. దుమ్ము అంటుకుంటుంది, వెంట్రుకలు అంటుకుంటాయి, ఒకసారి ఒక కీబోర్డుకు రెండు మిఠాయి కాగితాలూ ఒక బస్ టికెట్టూ అంటుకుని వచ్చాయి. అంకుల్ స్పిరిట్‌తో ఆ పూతనంతా ఓపికగా తుడిచేస్తాడు. ముప్పై ఏళ్లుగా జిగురుతో కుస్తీ పట్టీ పట్టీ, ప్రపంచమంతా ఏదో ఒక రోజు జిగురొచ్చి తీరుతుందని ఆయన నమ్మకం.

ఆయన భార్య వసుమతి ఆంటీ టిఫిన్ డబ్బా తెచ్చినప్పుడల్లా మా పెద్దమ్మతో మొర పెట్టుకుంటుంది.

"పెండ్లిచూపులల్ల ఈయన నా మొఖం చూస్తే ఒట్టు, జానకమ్మా! మా నాయిన గొడుగు పిడి పట్టుకొని ఏలు పెట్టి ఒత్తుకుంట కూసున్నడు. పోయేటప్పుడు 'మంచిగుంది' అన్నడు. పిల్ల మంచిగుందన్నడని మావోళ్లు లడ్డూలు పంచిన్రు."

"ఆ పిడి ఇప్పటికీ మంచిగనే ఉంది కదా," అంటాడు అంకుల్ తల ఎత్తకుండా.

"పిడి సంగతి సరే, నా సంగతో?"

"నీకూ జిగురు రాలే, వసూ."

ఆయన నోటి నుంచి ఇంతకంటే పెద్ద పొగడ్త నేను వినలేదు. ఆంటీ కూడా విని ఉండదు. ఆ రోజు డబ్బాలో పెరుగు ఎక్కువ పోసింది.

పోయిన జనవరిలో మమ్మల్నందరినీ నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లాడు. ఒళ్లు నొప్పులకు మసాజ్ మిషన్లు అమ్మే స్టాలు ముందు పెద్ద గుంపు. మిషన్ల పిడులు నల్లగా, మెత్తగా మెరుస్తున్నాయి. అంకుల్ గుంపును చీల్చుకుని వెళ్లి, ఒక్కొక్క దాని మీదా వేలు ఒత్తడం మొదలుపెట్టాడు.

"గిది రెండు వానకాలాలు. గిది ఒక్కటే వానకాలం. గిదైతే తల్లీ, మీరు ఇంటికి పొయ్యేలోపలనే!"

చేతుల్లో పట్టుకున్న మిషన్లను జనం ఒక్కొక్కరే కింద పెట్టేశారు. స్టాలువాడు రెండు చేతులూ జోడించాడు.

"చాచా, నీకు దండం పెడ్త. ఆ ఏలు జర జేబుల పెట్టుకొని పోరాదే!"

పెట్టుకున్నాడు. మిర్చిబజ్జీల దగ్గర మళ్లీ తీశాడు. బజ్జీ మీద ఒత్తి, కళ్లు మూసుకుని, "నూనె. జిగురు కాదు," అని తీర్పు చెప్పి అందరికీ తలా ఒకటి ఇప్పించాడు.

ఇదంతా నవ్వుకునే సంగతే గానీ, ఆయన పద్ధతి ఒకటి మా పెద్దమ్మకు అస్సలు నచ్చేది కాదు. అద్దాల బీరువాలో ఆయనది ఒక కీబోర్డు ఉంటుంది. రిపేరుకొచ్చిన ఆర్టిస్టులను పట్టుకుని, "దీని జిగురు తీసిన. పోయిందా లేదా పరీక్ష చెయ్యాలె. తీస్కపోయి వాయించి, రిపోర్ట్ ఇయ్యి" అని వాళ్ల నెత్తిన పెడతాడు.

"పాపం, గరీబు పిల్లలతోటి వెట్టి చేయించుకుంటుండు," అని పెద్దమ్మ గొణిగేది. నాకూ అలాగే అనిపించేది.

ఈ కార్తీకంలో ఒక మధ్యాహ్నం అంజన్ వచ్చాడు. దుర్గయ్య బ్యాండులో కొత్తగా చేరిన కీబోర్డు కుర్రాడు. వెనకాలే వాళ్లమ్మ పోశవ్వ. కీబోర్డును దుప్పట్లో చుట్టుకొచ్చాడు. విప్పబోతే దుప్పటి రాలేదు. పెనానికి అంటుకున్న దోసెను లాగినట్టు ఇద్దరూ చెరో వైపు పట్టి లాగారు. చిట్టచివరికి బయటపడిన వస్తువును చూసి నా కుట్టుమిషన్ ఆగిపోయింది. అంతా పసుపు. పసుపు మీద కుంకుమ. దాని మీద తెల్లటి పౌడరు. ఒక మూల బంతిరేకలు. నడుమ అయిదు వేళ్లతో నిండైన అరచెయ్యి ముద్ర!

"అరే, కీబోర్డు తెచ్చినవా, మైసమ్మ గద్దె తెచ్చినవా?" అన్నాడు అంకుల్.

"దసరాకు సామాన్ల పూజ చేసినం అంకుల్. అమ్మ పసుపు కుంకుమ పెట్టింది. ఎంత తుడిచినా పోతలేదు. పౌడర్ కొడితే జిగురు ఇడుస్తదని దోస్తుగాడు చెప్పిండు."

"ఎంత కొట్టినవ్?"

"డబ్బ."

అంకుల్ బొటనవేలు ఆనించాడు. లేపాడు. ఆ 'టప్' మా దుకాణంలోకి వినబడింది! వేలు మూడు రంగుల్లో పైకొచ్చింది. ఆయన మొహం పెళ్లికొడుకు మొహంలా వెలిగిపోయింది.

"జిగురొచ్చింది! ఏం జిగురురా నాయినా! నా సర్వీసుల గిట్లాంటిది చూడలే!" అని వెంటనే ఆంటీకి ఫోన్ చేశాడు. "వసూ, నువ్వు గీడ లేవు గని, ఉంటే చూస్తుంటివి!"

అంజన్ మాత్రం నవ్వలేదు.

"మొన్న పెండ్లిల తీన్మార్ బటన్ నొక్కితే లోపటికి పోయి లేవలే అంకుల్. గాడ పంతులు మంత్రాలు సదువుతుండు, గీడ తీన్మార్. ప్లగ్గు పీకేదాంక ఆగలే."

"పంతులేమన్నడు?"

"మంత్రాలు తీన్మార్ల సదివిండు."

"పిల్లగాని తల్లి తీన్మార్‌కు ఎగిరింది," అంది పోశవ్వ. "మంచిగనే ఎగిరింది."

"నువ్వు ఊకో అమ్మా! ఇయ్యాల సాయంత్రం చాదర్‌ఘాట్ల రిసెప్షన్ ఉంది అంకుల్. సామాను మంచిగుంటెనే రమ్మన్నడు దుర్గయ్య. లేకపోతే నా జాగల ఇంకొకణ్ణి పెట్టుకుంటడట. ఎంత తిరిగితే దొరికింది ఈ జాగ!"

"సాయంత్రానికి కాదు తమ్మీ. పౌడర్ స్విచ్చుల లోపటికి పోయింది. మొత్తం విప్పాలె, కడగాలె."

"మైసమ్మ పేరు చెప్పి పెట్టిన బొట్టు!" పోశవ్వ కీబోర్డుకు అడ్డంగా నిలబడింది. "అది కడిగితే నేనూకోను సారూ."

"బొట్టు ముట్టను అవ్వా. దాని సుట్టుపక్కల కడుగుత. ఇయ్యాలటికి ఇంకో కీబోర్డు ఇస్త, తీస్కపో."

అంజన్ మెడ నిక్కించాడు. "ఊకె ఇస్తే నాకొద్దు అంకుల్. అడుక్కున్నట్టుంటది. జాగ పోతే పోనీ." అని దుప్పటి మడత పెట్టబోయాడు. దుప్పటి చేతికి అంటుకుంది.

అంకుల్‌కు కోపమొచ్చింది. "ఊకె ఎవడిస్తుండురా? నా పని పరీక్ష చెయ్యడానికి మనిషి దొరుకుతలేడు నాకు! నా చేతులకు చెమటనే పట్టదు. నువ్వు లైట్ల కింద కూసొని, చెమట కార్చి, మొత్తం వాయించి, ఏడ అంటుతుందో రిపోర్ట్ ఇయ్యాలె. అయితదా, కాదా?"

పని అనేసరికి అంజన్ మెత్తబడ్డాడు. "పనైతే చేస్త."

బీరువాలోంచి కీబోర్డు బయటికొచ్చింది. నల్లగా నిగనిగలాడుతోంది. పోశవ్వ కొంగు ముడి విప్పి కుంకుమ తీసి, దాని నుదుట అద్దింది. కుంకుమ జారి రాలిపోయింది. మళ్లీ అద్దింది. మళ్లీ రాలింది.

"గిదేం సామానయ్యా, బొట్టు గూడ నిలుస్తలేదు!"

అంకుల్‌కు దగ్గు పట్టుకుంది. "బిడ్డా, జర నూలు ముక్క ఇయ్యి," అన్నాడు నా వైపు తిరిగి.

ముక్క ఇస్తూ, కిటికీ పక్కనే ఉన్న ఆ కీబోర్డు అంచు మీద నేనూ బొటనవేలు ఒత్తాను. చప్పుడు లేదు. గాజులా గట్టి ప్లాస్టిక్! దాని ఒంటికి ఏనాడూ రబ్బరు పూతే లేదు. పూతే లేనిదానికి తీయడానికి జిగురేది? చెయ్యడానికి పరీక్షేది? సామాను చెడిపోయి మొహాలు వేలాడేసుకుని వచ్చిన వాళ్లంతా, అదే 'పరీక్ష' భుజాన వేసుకుని హడావుడిగా మెట్లు దిగడం కళ్ల ముందు మెదిలింది. వాళ్లలో ఒక్కరూ ఒక్క పెళ్లి పోగొట్టుకోలేదు. ఒక్కరూ చెయ్యి చాపినట్టు అనుకోలేదు.

మర్నాడు పొద్దున అంజన్ రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చాడు.

"అంకుల్! ఏడా అంటలే! ఒక్క బటన్ గూడ ఆగలే! దుర్గయ్య ఈ నెల పెండ్లిళ్లన్నిటికి నన్నే రమ్మన్నడు!" అంటూనే కీబోర్డును బల్ల మీద పెట్టాడు. "ఇగో, పరీక్ష అయిపోయింది."

అంకుల్ తాను విప్పి పరిచిన అంజన్ కీబోర్డు స్విచ్చుల వంక ఒకసారి, అంజన్ వంక ఒకసారి చూశాడు. తర్వాత కీబోర్డు మీద బొటనవేలు ఆనించి, కళ్లు మూసుకుని, మెల్లగా లేపాడు. నేను చెవులు రిక్కించాను. చీమ చిటుక్కుమనలేదు.

"జిగురొచ్చింది," అన్నాడు.

"ఏడ అంకుల్?"

"లోపల్నుంచి వస్తుంది, నీకు కనవడది. ఈ నెల మొత్తం వాయించి చూడాలె. ఊఁ, తీస్కపో, తీస్కపో!"

అంజన్ మెట్లు దిగిపోయాక నాకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. కిటికీలోంచి తల పెట్టాను.

"అంకుల్, నిన్న నేను కూడా దాని మీద వేలు పెట్టి చూశాను."

ఆయన చేతిలో స్పిరిట్ సీసా ఆగింది. "అంటుకుందా?"

"లేదు."

తన బొటనవేలు ఒకసారి చూసుకున్నాడు. నాది చూశాడు. గోడ అవతల మా పెద్దమ్మ ఎవరితోనో చీర బేరం గట్టిగా మాట్లాడుతోంది. అంకుల్ కిటికీ దగ్గరికి వంగి, గొంతు తగ్గించాడు.

"మీ పెద్దమ్మకు చెప్పకు బిడ్డా. నా ఏలు ఇజ్జత్ పోతది."