మూడో పెట్టెలో మా తోడల్లుడు

మొన్నొక ఆదివారం భోజనాల దగ్గర మా చిన్నమ్మాయి, విశాఖపట్నంలో మంచి ఉద్యోగం దొరికిందని, బొబ్బిలి నుంచి రోజూ రైల్లో వెళ్ళి రావడమా, ఇక్కడున్న చిన్న ఉద్యోగంతోనే సరిపెట్టుకోవడమా తేల్చుకోలేకపోతున్నానని చెప్తే, అక్కడున్న వాళ్ళందరూ సలహా కోసం మా తోడల్లుడి వైపు తిరిగారు. తోడల్లుడంటే మా ఆవిడ చెల్లెలి భర్త, మా వీధిలోనే ఉంటాడు. కన్నతండ్రిని నేను ఆ పక్కనే పులుసు కలుపుకుంటూ కూర్చున్నాను, నన్ను అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అదే ఊరు, అదే రైలు, అదే తేలని ఆలోచన ఒకప్పుడు నా ముందుకీ వచ్చాయన్న సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

రాష్ట్రం విడిపోవడానికి కొంచెం ముందు మాట. నేను ఊరి పక్క జూట్ మిల్లులో స్టోర్స్ చూసేవాణ్ణి. నేను తల ఊపనిదే ఆ మిల్లులో బోల్టు కూడా బయటికి కదిలేది కాదనీ, నా కింద బోలెడుమంది పనిచేస్తారనీ పెళ్ళిళ్ళలో చెప్పుకునేవాణ్ణి గాని, నిజానికి నా కింద ఉన్నది ఇద్దరే, అందులో ఒకటి ఎలకల కోసం పెంచిన పిల్లి. సైకిలెక్కితే ఇల్లు, మధ్యాహ్నం పొగలు కక్కే అన్నం, ఆ తర్వాత ఓ కునుకు. అంతా బాగానే ఉండేది గాని మిల్లు మూతపడినప్పుడల్లా జీతం కూడా మూతపడేది. మా పెద్దమ్మాయి ఇంటర్ అయిపోయి విజయనగరంలో ఇంజనీరింగు చదువుతానని కూర్చున్న సంవత్సరం అది.

మా తోడల్లుడు మాత్రం విశాఖలో ఒక గోడౌన్లో పనిచేస్తూ, కోడి కూయకముందే లేచి ప్యాసింజరు ఎక్కి, వీధి దీపాలు వెలిగాక దిగేవాడు. నాకంటే చిన్నవాడు, ఇంట్లో నోరు విప్పని మనిషి. అయినా అత్తవారింట్లో చేపల పులుసు వండినప్పుడల్లా తలకాయ ముక్క అతని కంచంలోకే వెళ్ళేది. "పాపం, అంత దూరం పోయొస్తన్నాడు" అని మా అత్తగారు. దూరం పోవడం కూడా ఒక ఘనకార్యమేనా అని నేను తోక ముక్కలో ముళ్ళు ఏరుకుంటూ కుమిలిపోయేవాణ్ణి.

ఆ మనిషే ఒకరోజు ఇంటికొచ్చి, తమ గోడౌన్లో స్టోర్స్ మనిషి కావాలంటున్నారనీ, జీతం నాకొచ్చేదానికంటే బాగా ఎక్కువనీ, ఒకటో తేదీ తప్పదనీ చెప్పాడు. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఉద్యోగం వస్తున్నందుకు సంతోషించాలో, అది అతని చేతి మీదుగా వస్తున్నందుకు ఏడవాలో తెలియక, మర్నాడు అతని వెంట రైలెక్కాను.

ఇంజను నుంచి మూడో పెట్టె, రోజూ పోయొచ్చేవాళ్ళ జట్టుది. నాకు కిటికీ పక్కన చోటిచ్చి అతను ఎదురుగా కూర్చున్నాడు. గజపతినగరంలో ఎక్కిన ఒక బ్యాంకు అటెండరు అతని భుజం మీద చరిచి, "ఏటి బావా, కొత్తోల్ని ఎక్కించినావు? ఎవులు?" అన్నాడు.

"మా తోడల్లుడు. ఉద్యోగానికొస్తన్నాడు."

"మరి నీలాగ పాడతాడేటి, వొట్టి తినడమేనా?"

పెట్టె పెట్టంతా నవ్వింది. పాడటమేమిటా అనుకుంటుండగానే, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న మిషను బడి టీచరమ్మ ఒక క్రీస్తు కీర్తన అందుకుంది, మా తోడల్లుడు కళ్ళు మూసుకుని రెండో చరణం ఎత్తుకున్నాడు. అతనికి గొంతుందని ఆ రోజు వరకూ నాకు తెలియదు. మా మరదలికైనా తెలుసో లేదో.

విజయనగరం వచ్చేసరికి కూర్చున్నవాళ్ళందరూ గబగబా లేచి, అక్కడ ఎక్కేవాళ్ళకి చోటిచ్చేశారు. ముందెక్కినవాళ్ళు సగం దారి కూర్చోవాలి, మిగతా సగం నిలబడాలి, అది ఆ పెట్టె ధర్మమట. నేను మాత్రం కదల్లేదు. టిక్కెట్టు కొన్నానన్నాను. పాసుల వాళ్ళ లెక్కలు నాకెందుకన్నాను. పాటలు ఆగిపోయాయి. తోడల్లుడు వంగి నా చెవిలో, "లెగన్నయ్యా, నా పరువు తియ్యకు" అన్నాడు.

లేచాను. తలుపు దగ్గర నిలబడి కొత్తవలస దాకా పొలాలు చూశాను. టీచరమ్మ జాలిపడి నాకో పనసతొన అందించింది గాని, మా తోడల్లుడి కోసం అప్పటికే అరడజను డబ్బాలు మూతలు తెరుచుకున్నాయి. నిలబడి కూడా ఆ మనిషి పెళ్ళికొడుకులా ఉన్నాడు.

గోడౌన్ వాళ్ళు నన్ను చూసి ముచ్చటపడి చేతులు పట్టుకుని బతిమాలారని ఇంట్లో చెప్పాను. అంత లేదు, రెండు ప్రశ్నలడిగి ఒకటో తారీకు రమ్మన్నారు. వారం రోజులు ఆలోచించాను. చివరికి మోకాళ్ళు ఒప్పుకోవన్నాను, అంత దూరం రోజూ మన వల్ల కాదన్నాను. మా ఆవిడ గిన్నె దించి నా వైపు చూసి, "మీకు అడ్డొచ్చింది రైలు కాదు, మా మరిది" అని లోపలికెళ్ళిపోయింది. బొబ్బిలి బజారులో నాకంటూ ఒక పేరుంది, ఆ పెట్టెలో నేను జీవితాంతం ఫలానావారి తోడల్లుణ్ణే. ఇంజనీరింగు అనుకున్న మా పెద్దమ్మాయి ఊళ్ళోనే డిగ్రీలో చేరింది. తను ఏమీ అనలేదు, ఆ అనకపోవడమే నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

తర్వాత కొన్నేళ్ళకి ఇద్దరం కొద్ది నెలల తేడాలో రిటైరయ్యాం. మిల్లువాళ్ళు నాకో శాలువా కప్పారు, దాన్ని సైకిలు వెనక పెట్టుకుని ఎప్పటిలాగే భోజనానికి ఇంటికొచ్చాను. అతని ఆఖరి రోజున ఎదురెళ్దామని అందరం స్టేషనుకి వెళ్ళాం. రైలాగింది. మెడలో బంతిపూల దండతో అతను దిగాడు, అతని వెనకాల టీచరమ్మ, అటెండరు, ఇంకా ఎంతమందో. అందులో సగం మంది విజయనగరం వాళ్ళే. తమ ఊరు వచ్చినా దిగకుండా, అతన్ని గుమ్మం దాకా దింపడానికి బొబ్బిలి వచ్చారు, మళ్ళీ బస్సు పట్టుకుని వెనక్కి పోవాలి. మా ఇంటికి కూడా ఒక్కసారి రండని పిలిచాను. బస్సు దొరకదని పోయారు.

ఇప్పుడా పెట్టెలో ఎవరి చెవుల్లో వైర్లు వాళ్ళవి, పక్కనున్నది ఏ ఊరో అడిగే అలవాటు పోయింది. వెనకటివాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. పోయినేడాది టీచరమ్మ పోయిందని కబురొస్తే, మా తోడల్లుడు అప్పటికప్పుడు చెప్పులేసుకుని బయలుదేరి, సమాధి దగ్గర పాడి, గొంతు పోయి తిరిగొచ్చాడు. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. అతన్ని ఓదార్చడానికని వెళ్ళి పక్కన కూర్చున్నాను గాని, నిజం చెప్పొద్దూ, కూర్చున్నంతసేపూ నాకు కుళ్ళుగానే ఉంది. అంతలా ఏడవడానికి బయటివాళ్ళెవరూ నాకు లేరు.